రేటు ఆస్పత్రి ఊరిని బట్టి, ఖర్చు రోగి ఊరిని బట్టి

భోగరాజు పట్టాభి సీతారామయ్య స్మారకోపన్యాస పాఠం

రాజమహేంద్రవరానికి ఇరవై మూడు వేల మంది తక్కువయ్యారు. 2011 జనగణనలో, చుట్టూ కలిసిపోయిన ఊళ్లతో సహా ఈ నగర జనాభా 4,76,873 అని తేలింది. కేంద్ర ప్రభుత్వ వర్గీకరణలో అయిదు లక్షలు దాటితే ‘వై’ నగరం, దాటకపోతే ‘జడ్’. విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు ‘వై’ అయ్యాయి. రాజమహేంద్రవరం, దాంతోపాటు 4.43 లక్షల కాకినాడ ‘జడ్’లో మిగిలాయి. ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం కట్టడానికి వాడే లెక్క ఇది. అద్దెలు పెద్ద ఊళ్లలో ఎక్కువ, చిన్న ఊళ్లలో తక్కువ కాబట్టి ఆ పనికి ఈ లెక్కను తప్పు పట్టాల్సిన అవసరం లేదు. అదే అక్షరం ఆపరేషన్ థియేటర్లోకి వచ్చినప్పుడు చిక్కు మొదలైంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు వైద్యం చేయించే సీజీహెచ్‌ఎస్ 2025 అక్టోబరు 13 నుంచి కొత్త రేట్లు తెచ్చింది. మొదటి శ్రేణి నగరాల రేటు కంటే రెండో శ్రేణి (‘వై’) నగరాల్లో 10 శాతం, మూడో శ్రేణి (‘జడ్’) ఊళ్లలో 20 శాతం తక్కువ. మొదటి శ్రేణిలోని హైదరాబాదులో లక్ష రూపాయలు కట్టే చికిత్సకు, మిగతా షరతులన్నీ సమానమైతే, ‘వై’ నగరంలో తొంభై వేలు, ‘జడ్’ ఊళ్లో ఎనభై వేలు. 2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలైన ఆయుష్మాన్ భారత్ కూడా 2022లో 1,949 చికిత్సల కొత్త ప్యాకేజీ ప్రకటించినప్పుడు, నగరం స్థాయిని బట్టి ధర మార్చే పద్ధతిని తొలిసారి ప్రవేశపెట్టింది. 2024 అక్టోబరు 29 నుంచి డెబ్బై ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం ఈ పథకం కింద హామీ అయింది. దేశం మొత్తం మీద ఆరు కోట్ల మంది పెద్దవాళ్లకు చెందిన హామీ ఇది. హామీ ఎంత పెద్దదైనా, ఇంటికి దగ్గర్లో దాన్ని నెరవేర్చే ఆస్పత్రి ఉంటుందా లేదా అన్నది ఆ రేటే తేలుస్తుంది.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆయన స్వయంగా వైద్యుడు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. చాలాకాలం పశ్చిమ గోదావరిలో ఉన్న ఆ ఊరు 2022 జిల్లాల విభజనతో ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. మద్రాసులో వైద్యం చదివి మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. బాగా నడుస్తున్న ప్రాక్టీసును వదిలి జాతీయోద్యమంలోకి వచ్చారు. 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్ర ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించారు. రోగి మంచం పక్కన కూర్చున్న మనిషి బ్యాంకు, బీమా దారి పట్టడం యాదృచ్ఛికం అనిపించదు. జబ్బూ అప్పూ ఒకే గడపలోంచి ఇంట్లోకి వస్తాయని వైద్యుడికి తెలిసినంత బాగా మరొకరికి తెలియదు. తెలుగు జిల్లాల పొదుపు తెలుగు జిల్లాల అవసరానికి అందాలని పట్టుబట్టిన మనిషి పేరు మీద, ప్రభుత్వ ఆరోగ్య బీమా డబ్బు ఏ ఊరికి ఎంత చేరుతున్నదని అడగడం సముచితమే.

ఈ గోదావరి డెల్టాకు ఆ బీమా కొత్తేమీ కాదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 5న రెండో విడతలో ఉభయ గోదావరి జిల్లాలు చేరాయి. అప్పట్లో కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. 2014లో పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019లో మళ్లీ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. పల్లెల్లో మాత్రం ఈనాటికీ ‘ఆరోగ్యశ్రీలో చేయించుకున్నాం’ అనే అంటారు. 2020 జనవరి 3న ఏలూరులో మొదలైన ప్రయోగంతో పశ్చిమ గోదావరిలో చికిత్సల జాబితా 2,059కి పెరిగింది. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలకు చేరింది. పదహారేళ్లలో రెండు లక్షలు ఇరవై అయిదు లక్షలయ్యాయి. ప్రభుత్వాలు మారినా పరిమితి పెరుగుతూ వచ్చింది, జాబితా పొడవవుతూ వచ్చింది. ఆ రెండూ పేదల ప్రాణాలు నిలిపాయన్నది నిజం.

అయితే తొలి నిబంధనల్లోనే ఒక మాట ఉండిపోయింది. నెట్‌వర్క్ ఆస్పత్రి కావాలంటే కనీసం 50 పడకలు ఉండాలి. నాణ్యత కోసం పెట్టిన షరతే, కాదనలేం. కానీ కోనసీమలో సముద్రం వైపు వెళ్లేకొద్దీ యాభై పడకల ఆస్పత్రి ఎక్కడుంటుంది? అల్లవరంలోనా, ఉప్పలగుప్తంలోనా, కాట్రేనికోనలోనా? కార్డు ప్రతి ఇంటికీ వెళ్లింది. కార్డు చెల్లే చోటు మాత్రం కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, ఏలూరు, భీమవరం లాంటి కొన్ని పట్టణాల్లోనే మిగిలింది. ఆయుష్మాన్ భారత్ కనీసాన్ని పది పడకలకు తగ్గించడం ఈ విషయంలో మంచి అడుగు.

సఖినేటిపల్లి రేవులో నిలబడితే అవతల నరసాపురం కనిపిస్తుంది. మధ్యలో వశిష్ఠ గోదావరి. అక్కడ వంతెన కోసం ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు; మనుషులూ బళ్లూ పంటు మీదే దాటుతుంటారు. పంటు ఆగితే దిండి, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. అంతర్వేది వైపు కొబ్బరి తోటల్లో కూలి చేసి బతికిన డెబ్బై రెండేళ్ల ముసలామె జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుందనుకుందాం. ఆపరేషన్ ఉచితం. ప్యాకేజీలో మందులు, భోజనం, ఇంటికి తిరుగు చార్జీ కూడా కలిపే ఉంటాయి. కానీ విరిగిన తుంటితో బస్సు ఎక్కలేదు, కారు కట్టించుకోవాలి. తోడుగా కూతురో కోడలో వెళ్లాలి, వాళ్లు వెళ్లినన్నాళ్లూ వాళ్ల కూలి పోతుంది. మగ దిక్కు లేకపోతే సంతకాలకు, రక్తానికి ఊళ్లో ఎవర్నో బతిమాలాలి. కుట్లు విప్పించడానికి ఒకసారి, ఎక్స్‌రేకు ఒకసారి, నడక నేర్పించడానికి మరికొన్ని సార్లు మళ్లీ అదే ప్రయాణం. అమలాపురం వెళ్లాక ‘కాకినాడ రాశారు’ అంటే ఇంకో అరవై కిలోమీటర్ల పైమాటే.

ఈ ఖర్చు ఏ ప్యాకేజీలోనూ కనిపించదు. ఆస్పత్రి ఉన్న ఊరి పెద్దరికాన్ని బట్టి రేటు కట్టారు తప్ప రోగి ఎంత దూరం నుంచి వచ్చాడన్న గడి ఆ కాగితంలో లేదు. ముప్పై ఏళ్ల కుర్రాడికైతే దూరం ఒక రోజు పని. కంటిచూపు తగ్గి, మోకాళ్లు పట్టేసిన మనిషికి దూరమే వైద్యం మానేయడానికి కారణం అవుతుంది. ‘ఇంక ఎంతకాలం బతుకుతాలే, పిల్లల్ని ఎందుకు ఇబ్బంది పెట్టడం’ అనే మాట డెల్టా పల్లెల్లో ఎవరు వినలేదు? ఆ మాట అనిపిస్తున్నది వయసు ఒక్కటే కాదు.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినప్పుడు లంకలకు దారులన్నీ మునిగాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు వారానికి రెండు మూడుసార్లు ఏరు దాటక తప్పదు. వరద తగ్గేదాకా మూత్రపిండాలు ఆగవు. లంక జీవితం తెలిసినవాళ్లకు ఇది విడ్డూరమైన సందర్భం కాదు, దాదాపు ఏటా వానాకాలంలో ఎదురయ్యేదే.

చిన్న ఊరికి తక్కువ రేటు ఇవ్వడాన్ని సమర్థించేవాళ్ల వాదన వినదగినదే. స్థలం చౌక, అద్దె చౌక, ఆయాలు, వార్డుబాయిల జీతాలు తక్కువ. ఆ మేరకు నిజం. కానీ ఆస్పత్రి ఖర్చులో అద్దె ఎంత? గుండెలో పెట్టే స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి కీళ్లకు పెట్టింది. దేశమంతటికీ ఆ ధర ఒకటే. మత్తుమందు, కుట్టు దారం, ఎక్స్‌రే యంత్రం రాజమహేంద్రవరానికని ఇరవై శాతం తగ్గించి ఎవరూ అమ్మరు. ఇక డాక్టరు సంగతి పూర్తిగా తలకిందులు. గుండె నిపుణుడో, నరాల నిపుణుడో పెద్ద నగరం వదిలి అమలాపురం రావాలంటే జీతం ఎక్కువే ఇవ్వాలి. పిల్లల చదువు, భార్య ఉద్యోగం, తోటి నిపుణుల సాహచర్యం అన్నీ వదులుకుని వస్తాడు కాబట్టి. పైగా చిన్న ఊళ్లో కేసులు తక్కువ. రోజుకు పది ఆపరేషన్లు జరిగే చోట యంత్రం ఖర్చు పది మందికి పంచుకుంటుంది, రెండు జరిగే చోట ఇద్దరి మీదే పడుతుంది. కాబట్టి చిన్న ఊళ్లో నిపుణుల వైద్యం చౌక అన్న లెక్క తేలదు. చాలా చికిత్సల్లో ఖరీదే.

జనాభా ఒక్కటే కొలబద్ద కాదని ప్రభుత్వమూ ఒప్పుకున్న సందర్భాలున్నాయి. ఆయుష్మాన్ భారత్ ఖర్చులో కేంద్రం వాటా మామూలు రాష్ట్రాలకు 60 శాతం, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90 శాతం. సీజీహెచ్‌ఎస్ కొత్త రేట్లలో ఈశాన్యం, జమ్మూకశ్మీర్, లద్దాఖ్ ఊళ్లను జనాభాతో సంబంధం లేకుండా రెండో శ్రేణిలో పెట్టారు. కొండ ఎక్కడం కష్టమని గుర్తించారు, చాలా మంచిది. ఏరు దాటడం కూడా కష్టమే. వెనకబడిన జిల్లాలుగా 2018లో ఎంపికైన ‘ఆకాంక్షిత’ జిల్లాల్లో పనిచేసే ఆస్పత్రులకు ఆయుష్మాన్ భారత్ మార్గదర్శకాలు పది శాతం అదనం ఇచ్చాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ జాబితాలోకి వచ్చినవి విజయనగరం, విశాఖపట్నం, వైఎస్సార్ కడప. అప్పటి విశాఖ జిల్లాలో పాడేరు మన్యమూ ఉంది, రాష్ట్రంలోకెల్లా పెద్ద నగరమూ ఉంది. అప్పటి తూర్పు గోదావరి జాబితాలోకి రాలేదు. వరి, కొబ్బరి, రొయ్యల సగటు జిల్లాను సంపన్నంగా చూపిస్తుంది. ఆ సగటు వెనక రంపచోడవరం ఏజెన్సీ, లంక గ్రామాలు కనబడకుండా పోయాయి. జిల్లా ప్రమాణంగా తీసుకుంటే గోదావరి దేశానికి న్యాయం జరగదు. మండలం ప్రమాణం కావాలి.

సరిహద్దు ఎంత తేడా చేస్తుందో చూడాలంటే యానాం చాలు. గౌతమి ఒడ్డున, నాలుగు వైపులా ఆంధ్ర గ్రామాల మధ్య, పుదుచ్చేరి పాలనలో ఉన్న ఊరు. 2011లో జనాభా 55 వేల పైచిలుకు. 2024 ఫిబ్రవరిలో అక్కడ, పుదుచ్చేరిలోని వైద్య సంస్థ జిప్‌మర్‌కు చెందిన 90 పడకల బహుళ నిపుణుల కేంద్రం ప్రారంభమైంది. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి రాజధాని నుంచి చూసినప్పుడు యానాం దూరం ఉన్నది ఉన్నట్టు కనిపించింది. పక్కనే ఉన్న ఐ.పోలవరం, తాళ్లరేవు మండలాల ముసలివాళ్లకూ దూరం ఉంది. వాళ్ల దూరాన్ని విడిగా లెక్కపెట్టిన ఆఫీసు లేదు. యానానికి దక్కిందని అసూయ పడాల్సిన పని లేదు. అదే చూపు ఏటికి ఈ ఒడ్డున కూడా పడాలి. శ్రీకాకుళం జిల్లాలో ఒకసారి పడింది. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల ఆస్పత్రి తెరిచారు. జబ్బు ఉన్న చోటికి ఆస్పత్రి వెళ్లింది.

ఊరిని బట్టి రేటు అన్న ఈ తగాదా ఒక్క గోదావరిది కాదు. అమెరికాలో ముసలివాళ్ల ప్రభుత్వ బీమా మెడికేర్ 1965లో వచ్చింది. 1992 నుంచి డాక్టర్ల ఫీజును ప్రాంతాన్ని బట్టి మార్చే సూచిక అమలైంది. పల్లె రాష్ట్రాల డాక్టర్లు, వాళ్ల ప్రతినిధులు అదే పనికి తక్కువ ఇస్తున్నారని ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2004 నుంచి డాక్టరు శ్రమకు సంబంధించిన భాగంలో సూచిక జాతీయ సగటు కంటే కిందికి పోకుండా కట్టడి చేశారు. అంతకన్నా గమనించదగ్గది 1997 చట్టం. పడకల పరిమితికి లోబడి, మరో ఆస్పత్రికి 35 మైళ్ల దూరంలో ఉన్న చిన్న ఆస్పత్రికి ప్యాకేజీ లెక్క కాకుండా అసలు ఖర్చును లెక్కగట్టి చెల్లించే ఏర్పాటు చేశారు. కొండ దారి అయితే 35 మైళ్లు అక్కర్లేదు, 15 చాలు. దూరాన్ని, దారి కష్టాన్ని డబ్బులోకి మార్చిన నియమం ఇది. డెల్టాకు వర్తించే పాఠం ఇందులోనే ఉంది: మైళ్లతో పాటు రేవులనూ లెక్కపెట్టాలి.

అయితే డబ్బు పెంచితే చాలు, వైద్యం బాగుపడుతుందనుకోవడం కూడా పొరపాటే. 1973లో అమెరికా పరిశోధకుడు జాన్ వెన్‌బర్గ్ వెర్మాంట్ రాష్ట్రంలోని ఊళ్లను పరిశీలించి, ఒకే రకం జనం ఉన్న పక్క పక్క ప్రాంతాల్లో ఆపరేషన్ల సంఖ్య విపరీతంగా తేడాగా ఉందని చూపించాడు. సర్జన్లు, పడకలు ఎక్కువ ఉన్న చోట ఆపరేషన్లూ ఎక్కువ. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో ఆడవాళ్లకు అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆందోళన రాష్ట్రమంతా చర్చ అయిన సంగతి ఇంకా చాలామందికి గుర్తుంది. అందుకే అదనం ఆపరేషన్ల సంఖ్య మీద ఇవ్వకూడదు. రోగి నివాసానికి, చికిత్స జరిగిన చోటికి మధ్య దూరం తగ్గించినందుకు ఇవ్వాలి.

చిన్న ఆస్పత్రిని రేటు కంటే ఎక్కువగా కుంగదీస్తున్నది బకాయి. 2025 అక్టోబరులో రాష్ట్రంలోని ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు బకాయిలు రావాలంటూ సేవలు నిలిపేశాయి. 2,700 కోట్లు రావాలని వాటి సంఘం చెప్పింది. అంతకు ముందు కూడా ఇలాంటి సమ్మెలు జరిగాయి. వందల పడకల కార్పొరేట్ ఆస్పత్రికి బీమా లేని రోగులు, బ్యాంకు అప్పు, వాటాదారులు ఉంటారు. యాభై పడకల పట్టణపు ఆస్పత్రికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కార్డు వాళ్లే. ఆరు నెలలు డబ్బు రాకపోతే నర్సుల జీతాలకు డాక్టరు బంగారం తాకట్టు పెట్టాలి, లేకపోతే పథకం నుంచి తప్పుకోవాలి. తప్పుకుంటే ఆ చుట్టుపక్కల పది ఊళ్ల ముసలివాళ్లు మళ్లీ కాకినాడ దారి పడతారు. ఆలస్యం కాగితం మీద అందరికీ సమానం. దెబ్బ మాత్రం చివరి ఊరికే ఎక్కువ తగులుతుంది.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ విషయం పక్కన పెట్టే వ్యవధి లేదు. 2021 అంచనాల ప్రకారం దేశ జనాభాలో అరవై దాటినవాళ్లు 10.1 శాతమైతే ఈ రాష్ట్రంలో 12.4, 2031 నాటికి 16.4 అవుతుందని లెక్క. డెల్టాలో పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్లిపోయిన ఇళ్లలో ఇద్దరేసి పెద్దవాళ్లు మిగిలారు. కూలి ఇళ్లలోనూ కొడుకులు వలస వెళ్లారు. డెబ్బై నిండినవాళ్లకు ఇచ్చే ఆయుష్మాన్ వయో వందన కార్డు పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది కాబట్టి పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చేవాళ్లకు మేలు. ఊళ్లోనే ఉండిపోయినవాళ్ల మాటేమిటి? ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1గా, ఏదో ఒక సంవత్సరం రాయించుకున్న కూలీ ముసలమ్మకు డెబ్బై నిండాయో లేదో ఆ కాగితమే తేలుస్తుంది. బీపీ, షుగరు మాత్రలు, నెలనెలా పరీక్షలు ఆస్పత్రిలో చేరితే తప్ప పథకంలోకి రావు. సీజీహెచ్‌ఎస్ లేని ఊళ్లో ఉండే కేంద్ర పెన్షనరుకు బయటి వైద్యానికి ఇచ్చేది నెలకు వెయ్యి రూపాయల భత్యం.

2025 సెప్టెంబరు 4న రాష్ట్ర మంత్రివర్గం అందరికీ ఆరోగ్య బీమా విధానాన్ని ఆమోదించింది. కుటుంబానికి రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీలు, ఆపైన 25 లక్షల వరకు ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు. బీమా కంపెనీ వస్తున్నదంటే ఒప్పందంలో ఏం రాశారన్నదే ముఖ్యం. ఏ మండలంలోని రోగికైనా నిర్ణీత దూరంలో, ఏరు దాటాల్సి వస్తే ఇంకా తక్కువ దూరంలో, నెట్‌వర్క్ ఆస్పత్రి చూపించే బాధ్యత కంపెనీ మీద ఉంచాలి. లంక, ఏజెన్సీ మండలాల రోగులకు చికిత్స చేసే చిన్న ఆస్పత్రులకు ‘జడ్’ కోత ఉండకూడదు. పైగా ఆకాంక్షిత జిల్లాకు ఇచ్చినట్టే పది శాతం కలపాలి. బకాయిల చెల్లింపులో వంద పడకల లోపు ఆస్పత్రులది ముందు వరస కావాలి. 2019 డిసెంబరులో ‘ఆరోగ్య ఆసరా’ కింద, డిశ్చార్జి అయ్యాక విశ్రాంతి రోజులకు రోజుకు 225 రూపాయల లెక్కన, నెలకు 5,000 దాకా ఇచ్చే ఏర్పాటు చేసినప్పుడు పోయిన కూలి కూడా వైద్యపు ఖర్చేనని ఈ రాష్ట్రం ఒప్పుకుంది. డెబ్బై దాటిన రోగికి తోడు వెళ్లిన మనిషి కూలికీ అదే సూత్రం వర్తించాలి.

వీటిలో ఏది ముందు అంటే లెక్క ముందు. ట్రస్టు దగ్గర ప్రతి క్లెయిములో రోగి చిరునామా ఉంది, వయసు ఉంది, ఆస్పత్రి పేరు ఉంది, డబ్బు ఎప్పుడు చెల్లించారో ఉంది. కొత్తగా సర్వే చేయాల్సిన అవసరం లేదు. అరవై దాటినవాళ్ల వరకు మండలాల వారీగా ఎంతమంది చికిత్స పొందారు, సగటున ఎంత దూరం వెళ్లారు, ఎన్ని రోజుల్లో ఆస్పత్రికి డబ్బు అందింది అన్న మూడు అంకెలు, పేర్లు బయటపెట్టకుండా, ఏటా ప్రకటించాలి. సఖినేటిపల్లి, మామిడికుదురు, ఐ.పోలవరం, ఆచంట, మారేడుమిల్లి ఒక్కొక్కటీ ఒక్కో వరసగా. ఆ పట్టిక జిల్లా సమీక్షా సమావేశంలో కలెక్టరు ముందు, బడ్జెట్ సమావేశాలకు ముందే శాసనసభ్యుల ముందు ఉండాలి.